రెండు డబ్బాలకు ఒకే జ్ఞాపకం

శనివారం పదకొండు కావస్తుండగా ఫోర్‌మన్ ఫోన్ చేశాడు. అప్పటికి చిన్నకోడలు రెండు కాఫీలు తాగేసి, మూడోది తాగాలా వద్దా అన్న ఆలోచన కూడా చేయలేక, తెర వంక ఊరికే చూస్తూ కూర్చుంది. శనివారం ఒంటిపూట ఆఫీసు. పేరుకే ఒంటిపూట, పని మాత్రం రెండు పూటలదీ ఉంటుంది.

"అమ్మా, మీ కాగితం నూట పన్నెండు డిగ్రీలు అంటోంది. ఇక్కడ బ్రేకు నూట నలభై ఆరు అంటోంది. ఎవరి మాట వినమంటారు?" అన్నాడు ఫోర్‌మన్.

ఆయన మాట తీరే అంత. ముప్పై ఏళ్ళుగా లిఫ్టులు పరీక్షించే టవర్లో ఉన్నాడు. మీటరు కన్నా ముందు తన అరచెయ్యి దగ్గరగా పెట్టి చూసుకుంటాడు కాబట్టి అందరూ ఆయన్ని థర్మామీటరు అంటారు. ఆ మాట ఆయనకూ తెలుసు, ఆయనకేమీ పట్టదు.

"రెండో బ్రేకు ఎంత ఉంది?" అని అడిగింది.

"యాభై ఎనిమిది. అది హాయిగా ఉంది. చాకిరీ అంతా మొదటిదే చేస్తోంది, రెండోది చూస్తూ కూర్చుంది. మన ఇళ్ళల్లో లాగే."

"ఆపేయండి. నేను చెప్పేదాకా మళ్ళీ నడపకండి."

"ఎప్పుడో ఆపాను. మీ చెవిన వేద్దామని చేశాను, అంతే." ఫోన్ పెట్టేశాడు.

నూట ఇరవై దాటితే ఆ బ్రేకు పట్టు కోల్పోతుంది. ఆ లిఫ్టు వెళ్ళేది తొమ్మిది అంతస్తుల ఆసుపత్రికి. అందులో స్ట్రెచర్లు ఎక్కుతాయి. చిన్నకోడలు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. భయం కన్నా ముందు ఒంట్లోకి నీరసం వచ్చింది. ఇంత బతుకూ బతికి మళ్ళీ మొదటికే వచ్చామా అనిపించింది.

ఆమె పనేమిటో ఇంట్లోవాళ్ళకు చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఇప్పుడు "కంప్యూటరు పని" అని సరిపెట్టేస్తుంది. నిజానికి అదేమంత బ్రహ్మవిద్య కాదు. లిఫ్టు కట్టకముందే దాన్ని కంప్యూటర్లో నడిపి చూడాలి. దానికో సాఫ్ట్‌వేరు ఉంది. తెర మీద డబ్బాలు పెట్టి, గీతలతో కలిపి లిఫ్టు బొమ్మ గీయాలి. మోటారుకో డబ్బా, తాడుకో డబ్బా, బరువుకో డబ్బా. అన్నీ తయారుగా ఉంటాయి. మనకు కావలసింది మాత్రం ఉండదు. అలాంటప్పుడు ఒక ఖాళీ డబ్బా తెచ్చుకుని, దాని లోపల సీ అనే కంప్యూటరు భాషలో మనమే రాసుకోవాలి. సాఫ్ట్‌వేరు సెకనుకు వెయ్యిసార్లు ఆ డబ్బా తలుపు తట్టి "ఇప్పుడెంత?" అని అడుగుతుంది. లోపల రాసినది జవాబు చెబుతుంది. ఆ జవాబు తప్పని సాఫ్ట్‌వేరు ఎన్నడూ అనదు. ఏది చెబితే దాన్నే నమ్మి ముందుకు పోతుంది. రాసిన మనిషి మీద దానికి అంత గురి.

ఆఫీసులో ఈ ఖాళీ డబ్బాలన్నీ నింపేది ఆమే కాబట్టి డబ్బాలమ్మ అని పేరు పడింది. అయితే బ్రేకు వేడి లెక్క కట్టే డబ్బా ఒక్కటి మాత్రం ఆమె రాసింది కాదు. అది పెద్దకోడలు రాసింది.

పెద్దకోడలంటే ఆమె తోడికోడలు, బావగారి భార్య. ఒకే ఇల్లు. పైన వాళ్ళు, కింద వీళ్ళు, ఎటూ తేల్చుకోకుండా మెట్ల మీద అత్తయ్య. చిన్నకోడలికి ఈ పని నేర్పింది కూడా పెద్దకోడలే. పెళ్ళయిన కొత్తలో "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, రా" అని చెయ్యి పట్టుకుని ఈ ఆఫీసుకు తీసుకొచ్చింది. మూడేళ్ళు ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. ఒకే డబ్బాలో భోజనం తెచ్చుకున్నారు. మేనేజరును ఇద్దరూ కలిసి తిట్టుకున్నారు.

ఆరేళ్ళ కిందట టవర్లో ఒక లిఫ్టు బ్రేకు కాలి పొగ వచ్చింది. మనుషులకేమీ కాలేదు గానీ, కొనేవాళ్ళు ఆ పొగ చూసి వెళ్ళిపోయారు. లెక్క తప్పిందన్నారు. లెక్క ఎవరిది అన్నారు. విచారణ అంటే అరగంట మీటింగు. మేనేజరు అడిగాడు, చిన్నకోడలు చెప్పింది: "బ్రేకు డబ్బా అక్క రాసిందేనండి. నేను తెచ్చి బొమ్మలో పెట్టాను, అంతే." అప్పుడామెకు ఏడో నెల. కాళ్ళు వాచి ఉన్నాయి. అబద్ధమేమీ ఆడలేదు. మీటింగు నుంచి బయటికి వచ్చేసరికి పెద్దకోడలి దగ్గర తలుపు కార్డు తీసేసుకున్నారు. తను రాసిన దాన్ని తనే తెరిచి చూసుకునే వీలు కూడా లేకపోయింది ఆ మనిషికి.

ఆ తర్వాత మేనేజరు చేసిన మరమ్మతు ఒక్కటే. డబ్బా నుంచి ఏ అంకె వచ్చినా దానికి పది శాతం కలపండి అన్నాడు. కలిపారు. లోపల ఏముందో ఎవరూ చూడలేదు. ఇంకొకరు రాసిన కోడు తెరవాలంటే అందరికీ బద్ధకమే, పైగా భయం. నడుస్తోంది కదా, మూత తీయకు అన్నది ఆ ఆఫీసులో గోడ మీద రాయని రూలు. ఆరేళ్ళూ నడిచింది కూడా.

ఇప్పుడిక తప్పేటట్టు లేదు. చిన్నకోడలు డబ్బా మీద రెండుసార్లు నొక్కింది. మూత తెరుచుకుంది.

మొదటి నాలుగు లైన్లు కోడు కాదు. మనుషుల కోసం రాసిపెట్టిన మాటలు. పెద్దకోడలికి అవి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో రాసే అలవాటు.

"ఇది ఒక్క బ్రేకు కోసం రాసింది. ఒక బొమ్మలో రెండుసార్లు పెట్టకూడదు. ఎన్ని డబ్బాలు పెట్టినా లోపలి జ్ఞాపకం ఒక్కటే, అన్నీ దాని మీదే రాసేస్తాయి. రెండు కావాలంటే జ్ఞాపకం విడదీసుకోవాలి, ఎలాగో కింద రాశాను. ఇది చదవకుండా వాడినవాళ్ళకు మొట్టికాయ."

చిన్నకోడలు చదివింది. మళ్ళీ చదివింది.

తెర మీద బొమ్మలో రెండు బ్రేకులున్నాయి. రెండు డబ్బాలున్నాయి. మొదటిది తెచ్చి పెట్టి, దాన్నే కాపీ చేసి పక్కన అంటించినది తనే. ఇప్పుడు కాదు, ఆరేళ్ళ కిందట. ఆ తర్వాత వచ్చిన బొమ్మలన్నీ ఆ బొమ్మకు కాపీలే. బ్రేకు ఎంత వేడెక్కిందో గుర్తుపెట్టుకోవడానికి డబ్బాకు ఒక పలక లాంటిది ఉంటుంది. రెండు డబ్బాలూ ఒకే పలక మీద రాస్తున్నాయి. మొదటి బ్రేకు తన వేడి రాస్తుంది, రెండోది వచ్చి దాని మీదే తన చల్లదనం రాస్తుంది. చివరికి ఇద్దరి జ్వరమూ కలిపి, సగం చేసి, ఇద్దరికీ అదే చెప్పినట్టు అవుతుంది. రెండు బ్రేకులూ సమానంగా పనిచేసే లిఫ్టుల్లో ఈ సగం లెక్క సరిపోతూనే వచ్చింది. ఒకదాని మీదే భారం పడినప్పుడు మాత్రం, కాలిపోతున్నదాన్ని చూసి పరవాలేదు అంటుంది.

ఆరేళ్ళ కిందట కాలిన లిఫ్టులో కూడా భారం ఒకదాని మీదే పడింది. ఆ సంగతి ఆమెకు బాగా గుర్తుంది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండేది. ఆ మీటింగు జరిగిన సాయంత్రం మెట్ల దగ్గర పెద్దకోడలు ఆపి అడిగింది. గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "డబ్బాలో పైన రాసింది చదివావా?"

"చదివానక్కా. నువ్వు చెప్పినట్టే పెట్టాను."

చదవలేదు. ఈ పనిలో ఉన్నవాళ్ళను పైన రాసింది చదివావా అని ఎవరడిగినా చదివాననే అంటారు. అది అబద్ధమని కూడా అనుకోరు. పళ్ళు తోముకున్నావా అంటే తోముకున్నానన్నట్టు నోటికి వచ్చేస్తుంది. పెద్దకోడలు తలాడించి మెట్లెక్కి వెళ్ళిపోయింది. చదివానంది కాబట్టి ఇక తప్పు లెక్కలోనే ఉందనుకుని ఉంటుంది.

చిన్నకోడలికి సిగ్గేసింది. గదిలో ఎవరూ లేకపోయినా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డబ్బాను సరిచేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. కింద రాసినట్టే చేసింది, ఒక్క అక్షరం మార్చకుండా. మేనేజరు కలపమన్న పది శాతం తీసేసి మళ్ళీ నడిపింది. మొదటి బ్రేకు నూట నలభై నాలుగు, రెండోది యాభై తొమ్మిది. ఫోర్‌మన్ చెప్పిన దానికి రెండు డిగ్రీలు అటూ ఇటూ. పెద్దకోడలి లెక్క, బ్రేకు ఎంతసేపటికి చల్లబడుతుందన్న లెక్కతో సహా, మొదటినుంచీ రైటే.

ఆ కాగితాలు పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది. ఆయన ఇంటికి బయలుదేరుతూ సంచీ సర్దుకుంటున్నాడు. నిలబడే విన్నాడు.

"దొరికింది కదా. మంచిది. ఆ రెండో బ్రేకుకు కూడా పని పంచమని డిజైన్ వాళ్ళకు చెబుదాం" అన్నాడు.

"ఆరేళ్ళ కిందటిది కూడా ఇదేనండి. అక్క తప్పు కాదు. నేను రెండుసార్లు పెట్టాను."

మేనేజరు సంచీ జిప్పు సగంలో ఆపాడు. ఆయనకూ అలసటగానే ఉన్నట్టుంది. "చూడమ్మా, ఆ ఫైలు ఎప్పుడో మూసేశాం. ఇప్పుడు తవ్వితే నీకు చెడ్డపేరు, నాకు సంజాయిషీ, ఆవిడకు వచ్చేది ఏమీ లేదు. కొత్త వెర్షన్‌లో సవరించాం అని ఒక లైను రాసి పడెయ్. ఇంటికెళ్ళి పడుకో, కళ్ళు చూడు ఎలా ఉన్నాయో."

ఆ మాట వినడానికి హాయిగా ఉంది. అందులో దాచుకోవలసిన పనేమీ లేదు. ఒక్క లైను చాలు. ఎవరూ మూత తీయరు. చిన్నకోడలు సరేనండి అని బయటికి వచ్చేసింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మామూలుగా అయితే తల ఆనించగానే నిద్ర పట్టేస్తుంది. ఇవాళ పట్టలేదు. ఒక్క లైను అనుకుంటూనే ఉంది. ఆ లైను మనసులో రాసుకుంది, బాగానే కుదిరింది. పెద్దకోడలి మొహం కూడా ఊహించుకుంది. ఈ ఆరేళ్ళలో ఇద్దరూ పోట్లాడుకున్నది లేదు. పాలు వచ్చాయా, పాపకు జ్వరం తగ్గిందా, మోటారు వేశావా. మాటలన్నీ ఇంతవరకే. పెద్దకోడలు మళ్ళీ ఏ ఉద్యోగానికీ వెళ్ళలేదు. ఎక్కడైనా చేరవచ్చుగా అని తన భర్త ఒకసారి అడిగితే "నాకెందుకులే మరిదీ, మళ్ళీ ఎవరి ప్రాణం మీదికి తేవాలి" అంది. అప్పుడందరూ నవ్వారు. చిన్నకోడలు కూడా నవ్వింది.

ఇల్లు చేరేసరికి రెండు దాటింది. శనివారం మధ్యాహ్నం అందరూ పైన కలిసి తింటారు. మెట్లెక్కుతుంటేనే మాడు వాసన తగిలింది.

"రామ్మా రా" అన్నారు బావగారు, బల్ల దగ్గర కూర్చుని పేపరు మడుస్తూ. "మీ అక్క మళ్ళీ బ్రేకు కాల్చింది."

అది ఆ ఇంట్లో పాత హాస్యం. కూర మాడినా, బల్బు పోయినా, పిల్లలకు మార్కులు తగ్గినా ఇంట్లో అందరూ పెద్దకోడలు బ్రేకు కాల్చిందనే అంటారు. బావగారు మంచి మనిషి, మనసులో ఏమీ పెట్టుకుని అనరు. అత్తయ్య నవ్వింది. పెద్దకోడలి కూతురు, పన్నెండేళ్ళ పిల్ల, అది కూడా నవ్వింది. చిన్నకోడలు తిన్నగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పెద్దకోడలు మాడిన గిన్నెలోంచి పైపైన కూర వేరే గిన్నెలోకి తీస్తోంది.

"అక్కా, ఇవాళ నీ డబ్బా తెరిచాను" అంది చిన్నకోడలు.

"ఏ డబ్బా?"

"బ్రేకుది."

గరిటె ఆగింది. పెద్దకోడలు వెనక్కి తిరగలేదు. "ఇంకా వాడుతున్నారా దాన్ని?"

"వాడుతున్నాం. అది రైటే. నీ లెక్క మొత్తం రైటే. ఒకే బొమ్మలో నేను దాన్ని రెండుసార్లు పెట్టాను."

"జ్ఞాపకం విడదీయకుండానా?"

"విడదీయకుండానే."

"పైన రాశాను కదా."

"చదవలేదు."

"చదివానన్నావు."

"అన్నాను."

పెద్దకోడలు పొయ్యి కట్టేసింది. వంటింట్లో ఉన్న ఒక్క స్టూలు లాక్కుని కూర్చుంది. తన చేతుల వంక చూసుకుంది. చిన్నకోడలు గోడకు ఆనుకుని నిలబడింది. తిడుతుందేమో, తిడితే బాగుండును అనుకుంది.

"ఆ చల్లబడే లెక్క ఎన్నిసార్లు వేసుకున్నానో తెలుసా?" అంది పెద్దకోడలు మెల్లగా. "కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ, బస్టాపులో నిలబడి. ఆరేళ్ళు. ఎక్కడ తప్పిందో దొరకదు. ఎప్పుడు వేసినా రైటే వస్తుంది. రైటు వస్తుంటే ఏమనుకోవాలి నేను? తప్పు కూడా కనిపించనంతగా బుర్ర చెడిందనుకున్నాను. గ్యాసు కట్టేశానో లేదో నాలుగుసార్లు లేచి చూస్తాను. పిల్ల ఇంటి లెక్కలు చూపిస్తే వాళ్ళ నాన్నకు చూపించమంటాను. అది కూడా అడగడం మానేసింది ఇప్పుడు."

చిన్నకోడలికి క్షమించు అనే మాట నోటిదాకా వచ్చింది గానీ, ఆ మాట ఇక్కడ ఏ మూలకూ సరిపోదనిపించి మింగేసింది.

"సోమవారం ఆఫీసులో రాసిస్తాను. నా పేరు పెట్టే రాస్తాను. మేనేజరు వద్దన్నాడు, అయినా రాస్తాను. ఉద్యోగం పోతే పోనీ."

"రాయి. రాయాలి కూడా" అంది పెద్దకోడలు. "కానీ ఆ ఆఫీసు నన్ను ఎప్పుడో మర్చిపోయింది. అక్కడ నా పేరు తెలిసినవాళ్ళు ఇద్దరున్నారో లేదో. నేను రోజూ ఉండేది అక్కడ కాదు." తల కాస్త ఎత్తి, బల్ల ఉన్న గది వైపు చూపించింది. "ముందు అక్కడ చెప్పు."

"ఇప్పుడా?"

"అందరూ ఉన్నారు కదా."

మేనేజరు ముందు చెప్పడం కష్టమే కాదని అప్పుడు తెలిసింది చిన్నకోడలికి. ఈ ఇంట్లో తెలివైనది ఎవరంటే తనే. అత్తయ్య చుట్టాలకు చెప్పుకునేది తన గురించే. నెలకోసారి బావగారు వచ్చి బ్యాంకు కాగితాలు చూడమ్మా అని అడిగేదీ తననే. తన కూతురు బళ్ళో మా అమ్మ లిఫ్టులు పడకుండా చూస్తుంది అని చెప్పుకుంటుంది. రేపటి నుంచి ఆ బల్ల దగ్గర తను ఏ మొహంతో కూర్చోవాలి? గోడ దగ్గరే నిలబడిపోయింది. పెద్దకోడలు ఆమెను తొందరపెట్టలేదు, వద్దులే అని కూడా అనలేదు. కూర గిన్నె తీసుకుని, ముందు నడిచింది.

చిన్నకోడలు వెనకే వెళ్ళింది. ఆమె భర్త కుర్చీ జరిపి "కూర్చో, చల్లారిపోతుంది" అన్నాడు.

"కూర్చోను. ఒక మాట చెప్పాలి."

పిల్లలిద్దరూ తలెత్తారు. చిన్నకోడలు కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"ఆరేళ్ళ కిందట ఆ బ్రేకు కాలింది అక్క వల్ల కాదు. నా వల్ల. అక్క రాసింది సరిగ్గానే ఉంది. ఎలా వాడాలో అందులో రాసి కూడా పెట్టింది. నేను చదవలేదు. చదివావా అని అక్క అడిగితే చదివానని అబద్ధం చెప్పాను. అక్క ఉద్యోగం నా మూలంగా పోయింది. ఇవాళే నాకు తెలిసింది."

బావగారి చేతిలో పేపరు ఇంకా సగం మడత మీదే ఉంది. దాన్ని బల్ల కింద పెట్టబోయి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయన భార్య వంక చూద్దామనుకున్నారు గానీ చూపు గిన్నెల దాకానే వెళ్ళింది. పెద్దకోడలి కూతురు మాత్రం తల్లినే చూస్తోంది, ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు.

"సర్లే, అయిపోయిన సంగతులు" అన్నాడు చిన్నకోడలి భర్త. "తినేటప్పుడు ఇవన్నీ ఎందుకిప్పుడు? తర్వాత మాట్లాడుకుందాం."

పెద్దకోడలు అందరికీ వడ్డిస్తోంది. బావగారి పళ్ళెంలో వేసింది. మరిది పళ్ళెంలో వేసింది. అత్తయ్య దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇంకోసారి చెప్పు" అంది, చిన్నకోడలి వంక చూస్తూ. "అత్తయ్యకు వినిపించినట్టు లేదు."

అత్తయ్యకు డెబ్బై ఏళ్ళు. కింద పొయ్యి మీద పాలు పొంగితే పైనుంచి వినే చెవులు ఆవిడవి. ఆ సంగతి బల్ల దగ్గరున్న అందరికీ తెలుసు. ఆవిడ నోరు తెరవబోయి, పెద్దకోడలి మొహం చూసి, ఊరుకుంది. ఆ మొహంలో కోపం లేదు, కన్నీళ్ళూ లేవు. చాలాకాలంగా తేలని లెక్క ఎవరో పైకి చదువుతుంటే, ప్రతి లైనూ జాగ్రత్తగా వింటున్న మనిషిలా గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

చిన్నకోడలు గొంతు పెంచి, మొదటినుంచి మళ్ళీ చెప్పింది.